కొట్టు ఎవరి పేరున

ఒక మనిషికి ఒకటే పన్ను నంబరట. పన్నులాఫీసులో ఆరో నంబర్ కౌంటర్ వెనక కూర్చున్న కళ్లద్దాల అమ్మాయి ఆ మాట చెప్పి, కంప్యూటర్ తెరను ఇటు తిప్పి చూపించి, టేబుల్ కింద నుంచి భోజనం డబ్బా తీసుకుని లేచిపోయింది. లేస్తూ లేస్తూ అద్దం కింద కంతలోంచి రెండు ఫారాలు ఇవతలికి తోసింది. తెల్లది మూసెయ్యడానికి, పసుపుది మార్పులకి, ఏదో ఒకటి నింపి ఉంచండి, రెండు గంటలకల్లా వచ్చేస్తాను, టోకెన్ మాత్రం పారేసుకోకండి అని చెప్పింది. ఇప్పుడు గోడ గడియారంలో ఒంటిగంట దాటి నాలుగు నిమిషాలు. పొట్టి ఆ రెండు ఫారాలనూ ఒళ్లో పెట్టుకుని, ఇనుప కమ్మీకి బిగించిన ఆరు కుర్చీల వరసలో మూడోదాని మీద కూర్చుని ఉంది. కాళ్లు నేలకి ఆనడం లేదు. ముప్పై తొమ్మిదేళ్లు వచ్చినా, పాపిట్లో తెల్లవెంట్రుకలు తొంగి చూస్తున్నా, చిన్నప్పుడు అన్నయ్య పెట్టిన ఆ పేరు ఆమెను వదల్లేదు. ఇంట్లో పొట్టి, కొట్లో పొట్టి, సోఫాలు బాగు చేయించుకోడానికి వచ్చేవాళ్లకి కూడా పొట్టే. పొట్టివాళ్లకి పుట్టెడు బుద్ధులంటారు. ఆ పుట్టెడులో గుప్పెడు పనికొచ్చినా ఇవాళ ఇలా నోరు వెళ్లబెట్టుకుని కూర్చోవలసిన ఖర్మ పట్టేది కాదు.

"మీకు నంబర్ ఉంది కదండీ," అంది ఇందాక ఆ అమ్మాయి. పొట్టి నవ్వేసింది. నాకెక్కడిదమ్మా, దానికోసమేగా పొద్దున్నుంచీ ఈ టోకెన్ పట్టుకుని పడిగాపులు పడుతున్నాను అంది. ఆ అమ్మాయి మళ్లీ కొట్టి చూసింది, మళ్లీ అదే వచ్చింది, అప్పుడు తెర తిప్పింది. తెర మీద తన పేరు, అంటే పొట్టి కాదు, బడి రిజిస్టర్లో తప్ప ఎవరూ పిలవని ఆ పొడుగాటి పూర్తి పేరు. దాని కింద నాన్న పేరు, తను పుట్టిన తేదీ, పని అన్న చోట కుర్చీలు సోఫాల కుట్టుపని, చిరునామా దగ్గర అన్నయ్య కొట్టు, సందు మలుపు గుర్తుతో సహా. యజమాని అన్న గడిలో తను. పదకొండేళ్లుగా తను. ఫోన్ నంబర్ చివరి నాలుగంకెలు అన్నయ్యవి. ఇంకా కిందకి జరిపితే సంతకం. దొంగ సంతకమైనా బాగుండేది, కనీసం కోపగించుకోడానికి ఒక దారి దొరికేది. కానీ అది తనదే, మొదటి అక్షరం పక్కకి ఒరిగి, చివరి తోక గీత దాటి బయటికి పోయిన అసలు సిసలైన తన సంతకం. చంకలో పిల్లను పెట్టుకుని ఊరంతా వెతికినట్టు, నెల రోజులుగా పన్ను నంబర్ ఎలా తీసుకోవాలని ఎదురైన వాళ్లందరినీ అడిగింది, ఫోటోలు తీయించుకుంది, అద్దె కాగితం కోసం కొత్త గది ఇంటావిడ కాళ్లావేళ్లా పడింది. ఇంతా చేస్తే అది పదకొండేళ్ల నుంచీ తన పేరునే తిరుగుతోందట, తను ఒక్కత్తే ఎరగదు.

చెయ్యి కుర్చీ అంచు కిందకి పోయింది. అలవాటు, ఎక్కడ కూర్చున్నా చెయ్యి ఊరుకోదు, సీటు అడుగున తడుముతుంది. నవారు లేదు, చెక్క మీద వేలెడు ఫోమ్ పడేసి, పైన రెగ్జిన్ లాగి, గన్నుతో టకటకా పిన్నులు కొట్టారు, సగం పిన్నులు ఊడి వేళ్లకి గుచ్చుకుంటున్నాయి. ఫోమ్ ఎప్పుడో చచ్చింది. కూర్చున్నవాళ్లంతా ఈ చెక్క మీదే కూర్చుంటున్నారు, కూర్చోడం ఇలాగే ఉంటుంది కాబోలని సరిపెట్టుకుంటున్నారు. ఎవడో మొత్తం హాలుకి కాంట్రాక్టు తీసుకుని చేతులు దులుపుకుపోయాడు, వాడికీ ఒక పన్ను నంబర్ ఉండే ఉంటుంది, వాడికి అది ఉన్న సంగతి తెలిసే ఉంటుంది కూడా. తను ఒప్పుకోవాలనుకుంటున్న లైబ్రరీ కుర్చీలు ఇలాంటివి కావు. పాతకాలం కర్ర, గుండ్రటి వీపులు, అడుగున నవారు అల్లిక, అరవై కుర్చీలు. లైబ్రరీ పెద్దావిడ తన సొంత పడక్కుర్చీని ఒకసారి కొట్లో బాగు చేయించుకుంది. తీసుకెళ్లడానికి వచ్చి, అందరిలా కూర్చుని చూడకుండా దాన్ని తల్లకిందులు చేసి అడుగున కుట్టు చూసింది. ఎవరు చేశారని అడిగితే అన్నయ్య, మా దగ్గరే చేశామండీ అన్నాడు. ఆవిడ వెనక గది గుమ్మానికి కట్టిన గుడ్డ పక్కనుంచి లోపల కుడుతున్న పొట్టిని తొంగి చూసింది. వారం తిరక్కుండానే అన్నయ్య లేని వేళ చూసి మళ్లీ వచ్చింది. అరవై ఉన్నాయి, నీకే ఇస్తాను, బిల్లు నీ పేరున ఉండాలి, నీ నంబర్ ఉండాలి అంది. రేపు పదింటికి ఆఖరు. రేపు పదింటికి నంబర్ అందకపోతే అరవై కుర్చీలూ ఇదిగో ఈ పిన్నులు కొట్టేవాడి చేతికి పోతాయి.

అరవై కుర్చీలంటే ఎనిమిది నెలల పని. ఎనిమిది నెలల్లో మనిషి నిలదొక్కుకోవచ్చు. సైకిల్ కొట్టు మేడ మీద గది చూసుకుంది, రెండు కిటికీలున్న గది, ఒక కిటికీలోంచి పొద్దుటి వెలుతురు, ఇంకోదాంట్లోంచి సాయంత్రం వెలుతురు. మెషిన్ ఎక్కడ వెయ్యాలో కూడా సుద్దముక్కతో గీసి వచ్చింది. అన్నయ్య కొట్లో ఆమె చోటు వెనక గది. దానికి ముందువైపు గుమ్మం, గుమ్మానికి గుడ్డ, మూడు వైపులా గోడలు. పదకొండేళ్లుగా ట్యూబులైటు వెలుతుర్లో సూదిలో దారం ఎక్కిస్తోంది. కొబ్బరిపీచు దుమ్ము గొంతులోకి పోతుంది, ఎండాకాలం జిగురు డబ్బా మూత తీస్తే తల తిరుగుతుంది. వెనక గోడకి ఒక కిటికీ పెట్టిద్దాం అన్నయ్యా అని నాలుగుసార్లు అడిగింది. మొదటిసారి చూద్దాంలే అన్నాడు, రెండోసారి ఇంటాయన ఒప్పుకోడన్నాడు, మూడోసారి విననట్టు ఊరుకున్నాడు, నాలుగోసారి నవ్వి, కిటికీ పెడితే నువ్వు పని మానేసి వీధి చూస్తూ కూర్చుంటావు అన్నాడు. తనూ నవ్వింది. యజమానురాలు తన కొట్టుకి తను కిటికీ పెట్టించమని నాలుగుసార్లు బతిమాలుకుని, లేదనిపించుకుని, పైగా నవ్వి లోపలికి వెళ్లి కూర్చుందన్నమాట. ఛీ, ఏం బతుకు. ఒంట్లో జ్వరం ఉన్నప్పుడు సెలవు ఎవర్ని అడిగింది? వదిన చెల్లెలి పెళ్లికి రెండు రోజులు ముందు వెళ్తానని ఎవరి ముందు చేతులు నలుపుకుంటూ నుంచుంది? కోపం ఇప్పుడొచ్చింది, ఆ అమ్మాయి తెర తిప్పినప్పుడు రాలేదు, అప్పుడు బుర్ర ఖాళీ అయిపోయింది, ఇప్పుడు ఒళ్లంతా మండుతోంది.

సంతకం ఎప్పుడు పెట్టింది? ఇందాకటి నుంచి అదే వెతుక్కుంటోంది. వెతగ్గా వెతగ్గా ఆ రోజు దొరికింది. హోటలు కుర్చీలు పన్నెండు, సాయంత్రానికి అందాలి. అప్పట్లో గన్ను లేదు, ఇప్పుడున్నా ఆమె ముట్టుకోదు, చిన్న మేకులే. చిన్న మేకులు కొట్టేవాళ్లకి రెండు చేతులూ చాలవు, ఒక చెయ్యి గుడ్డ లాగి పట్టుకోవాలి, ఒక చెయ్యి సుత్తి పట్టుకోవాలి, కాబట్టి మేకులు నోట్లో ఉంటాయి. ముప్పై నలభై ఒక్కసారే బుగ్గలో పోసుకుని, నాలుకతో ఒక్కొక్కటీ తిప్పి, తల ముందుకు వచ్చేలా పెదాల మధ్యకి తేవాలి. సుత్తి చివర అయస్కాంతం ఉంటుంది, అది పెదాల దగ్గరికి వచ్చి మేకును అందుకుని పోతుంది. అన్నయ్యే నేర్పాడు. మేకులు నోట్లో ఉండగా మాట్లాడకూడదు, తుమ్మకూడదు, నవ్వకూడదు, ఏడవకూడదు, మింగావో ఆస్పత్రే అని నేర్పాడు. ఆ రోజు అలా బుగ్గ నిండా మేకులతో ఏడో కుర్చీ మీద ఉండగా అన్నయ్య కాగితాలు తెచ్చాడు, పూర్తయిన కుర్చీ సీటు మీదే పరిచాడు. ఇక్కడొకటి, ఇక్కడొకటి, ఇదిగో ఇక్కడ అన్నాడు. ఆమె సుత్తి ఎడంచేతికి మార్చుకుని, ఏమిటివన్నట్టు కనుబొమలు ఎగరేసింది. కొట్టు కాగితాలే అన్నాడు. ఊఁ అంది. నోరు తెరవాలంటే మేకులన్నీ అరచేతిలోకి ఉమ్మాలి, మళ్లీ పోసుకోవాలి, ఇంకా అయిదు కుర్చీలున్నాయి, సాయంత్రానికి అందాలి. ఊఁ అని మూడు చోట్ల గీకి ఇచ్చేసింది. సీటు మెత్తన కాబట్టే చివరి తోక గీత దాటి పోయింది. ఈ పనిలో ఉన్నవాళ్లు తప్ప ఇంకెవరూ ఇలాంటి తెలివితక్కువ పని చెయ్యరు.

మోసమా? ఆ మాట నాలుక చివరి దాకా వస్తోంది గానీ పూర్తిగా రావడం లేదు. అన్నయ్యను మోసగాడంటే ఎవరు నమ్ముతారు, ముందు తనే నమ్మదు. కాపురం చాలించుకుని రెండు సంచులతో గుమ్మంలో నుంచున్న రోజు, ఏమయిందని అడగలేదు. ఇప్పటికీ అడగలేదు. సంచులు లోపల పెట్టి, వదినతో, పొట్టి వచ్చింది, ఇంకో కంచం పెట్టు అన్నాడంతే. మూడో రోజు పొద్దున, ఇంట్లో కూర్చుంటే గోడలు చూసి ఏడుస్తావు, కొట్టుకి రా అని తీసుకెళ్లి, వంకర సూది చేతికిచ్చి, తన వేళ్లు ఆమె వేళ్ల మీద పెట్టి మొదటి కుట్టు వేయించాడు. బస్సు సీట్లు కుట్టే కార్ఖానాలో పదేళ్లు దెబ్బలు తిని నేర్చుకున్న పని, ఆమెకు ఒక్క కసురు లేకుండా నేర్పాడు. ఆ రోజుల్లోనే కదూ భాగస్వామి అన్నవాడు ఉన్నదంతా ఊడ్చుకుని పోయింది, పాత కొట్టు మూతపడింది, అన్నయ్య నెల రోజులు పడుకున్నవాడు పడుకున్నట్టే ఉండిపోయింది. మళ్లీ లేచి ఈ సందులో కొత్త కొట్టు తెరిచాడు. ఎలా తెరిచాడో ఎవరూ అడగలేదు. పాత కొట్టు లెక్క తేలేదాకా అతని నంబర్ ఆపేసి ఉంటారు, కొత్తది ఇచ్చి ఉండరు, ఇంట్లో ఇంకెవరి పేరు ఉంది? వదినకి సంతకం పెట్టడమంటేనే చెమటలు పడతాయి. మిగిలింది పొట్టి. నోట్లో మేకులు పెట్టుకుని, అడక్కుండా సంతకం పెట్టే పొట్టి. చెబితే పెట్టనంటుందా? ఛస్తే అనదు. ఆ సంగతి అతనికీ తెలుసు. తెలిసి కూడా చెప్పలేదే, అదే గుండెల్లో కలుక్కుమంటోంది.

పక్క కుర్చీలో పంపుసెట్లు బాగుచేసే ఆయన వచ్చి కూలబడ్డాడు. పొద్దుట టోకెన్ల దగ్గర కూడా ఈయనే ముందున్నాడు, చేతుల మీద గ్రీజు కడిగినా పోని నలుపు. మూడోసారి రావడమట. మొదటిసారి ఫోటోలో చెవులు కనబళ్లేదన్నారట, రెండోసారి చెవులు కనబడ్డాయి గానీ చిరునామాలో మేడ మీదా కిందా అన్నది లేదన్నారట. ఈసారి చెవులూ మేడా రెండూ తెచ్చాను, ఇంకేం మిగిలిందో చూడాలి అని తనే నవ్వుకున్నాడు. పొట్టి ఒళ్లోని ఫారాలు చూసి, మీకు వచ్చేసిందా అమ్మా అన్నాడు. వచ్చేసిందండీ, పదకొండేళ్లయింది అంది. ఆయనకి అర్థం కాలేదు, అయినా తల ఊపాడు. తరవాత కాస్త గొంతు తగ్గించి, "నంబర్ ఇవ్వడానికే వీళ్లు తిప్పుకుంటారమ్మా, ఇచ్చాక మాత్రం మనల్ని మర్చిపోరు," అన్నాడు. అగ్గిపుట్టినా మనమే, పిడుగు పడినా మనమే, మనం పోయినా మన నంబర్ పోదు, మా బామ్మర్ది పోయి రెండేళ్లయితే ఇప్పటికీ కాగితాలు వస్తూనే ఉన్నాయి అని, తెచ్చుకున్న డబ్బా మూత తీశాడు. మంచివాడే, తింటారా అని కూడా అడిగాడు. ఆకలి లేదంది.

అగ్గిపుట్టినా మనమే. నాలుగేళ్ల కిందట పక్క పరుపుల కొట్టు తగలబడింది. అర్ధగంట గాలి ఇటు తిరిగి ఉంటే అన్నయ్య కొట్టూ పోయేది, ఫోమూ పీచూ జిగురూ, ఎంతసేపు? అప్పుడు పోలీసులు వచ్చి ఈ కొట్టు ఎవరిదని అడిగితే కాగితం తన పేరు చెప్పేది. తను మాత్రం జనంలో నిలబడి, అయ్యో అన్నయ్యా అని ఏడుస్తూ ఉండేది. పదకొండేళ్లు తలమీద కత్తి వేలాడుతుంటే దాని కిందే కూర్చుని కుట్లు వేసుకుంది. మళ్లీ ఇంకో బుద్ధి, ఆ పుట్టెడులోదే కాబోలు, మెల్లగా గొణుగుతోంది: అంటే ఆ పన్నెండు హోటలు కుర్చీలూ నావే, డాక్టరు గారి పొడుగు సోఫా నాదే, ఫంక్షన్ హాల్లో మూడొందల సీట్లూ నావే, బోర్డు మీద అన్నయ్య పేరుంటే ఉండనీ. వచ్చిన వాళ్లకి అన్నయ్య తనను చూపించి, మా చెల్లెలండీ, ఏదో చేతిసాయం చేస్తూంటుంది అనేవాడు. గత మూడేళ్లుగా అతని చేతులు వణుకుతున్నాయి, సూదిలో దారం ఎక్కదు, మేకు వంకరపోతుంది. కత్తిరింపు దగ్గర్నుంచి ఆఖరి మేకు దాకా అన్నీ ఆమే. అయినా చేతిసాయమే. తను ఏనాడూ కాదనలేదు. కాదనడానికి నోరు ఖాళీగా ఉండాలిగా.

వచ్చే ఒకటో తారీఖు నుంచి వదిన తమ్ముడు వచ్చి గల్లా దగ్గర కూర్చుంటాడు. అది తెలిసిన రోజే పొట్టి గది వెతుక్కోవడం మొదలుపెట్టింది. అతను చెడ్డవాడు కాడు, ముప్పై ఏళ్లు వచ్చినా ఏ పనిలోనూ కుదురుకోనివాడు, అంతే. నాకా చేతులు ఆడడం లేదు, లెక్కాపత్రం చూసుకోడానికి మనవాడొకడు ఉండాలి కదా అన్నాడు అన్నయ్య, నువ్వు ఎప్పట్లాగే వెనక నీ పని నువ్వు చూసుకో, నీకేం ఇబ్బంది ఉండదు అన్నాడు. మనవాడొకడు. పదకొండేళ్లు వెనక గదిలో ఉన్న మనిషి ఎవరిమనిషి మరి? ఆ రాత్రి ఏమీ అనలేదు గానీ తెల్లారేసరికి నిర్ణయం అయిపోయింది. వెళ్లిపోవాలి. పోట్లాడకుండా, ఏడవకుండా, ఒక నంబర్ తెచ్చుకుని, బిల్లు పుస్తకం వేయించుకుని, అన్నయ్య కాళ్లకి దణ్ణం పెట్టి వెళ్లిపోవాలి. ఇవాళ కూడా కళ్ల డాక్టర్ దగ్గరికి వెళ్తున్నానని చెప్పి వచ్చింది. జాగ్రత్తగా వెళ్లిరా, చూపు తగ్గితే మనకి అన్నం లేదు అన్నాడు. మనకి అన్నాడు. ఆ మాట అప్పుడు ముద్దుగానే అనిపించింది.

ఒకటీ ముప్పై అయిదు. ఫారాలు రెండూ చదివింది, మళ్లీ చదివింది. ఆ అమ్మాయి వెళ్లేముందే అన్నీ చెప్పింది, మర్యాదగానే చెప్పింది. తెల్లది నింపితే నంబర్ మూతపడుతుంది, కానీ మూతపడడానికి తొంభై రోజులు, అది అయ్యాకే కొత్తది. తొంభై రోజుల దాకా లైబ్రరీ ఆగదు, రేపు పది దాటితేనే ఆగదు. పైగా ఈలోగా ఆ చిరునామాలో కొట్టు తలుపు తీయడానికి వీల్లేదు. పసుపుదైతే ఇప్పటికిప్పుడే అయిపోతుంది, చిరునామా మార్చుకోవచ్చు, సైకిల్ కొట్టు మేడ మీద గది రాసుకోవచ్చు, లైబ్రరీకి ఈ నంబరే ఇవ్వొచ్చు. కానీ ఒక నంబర్‌కి ఒకటే చిరునామా. నంబర్ మేడెక్కితే కింద అన్నయ్య కొట్టుకి ఏమీ ఉండదు, అతని సొంత నంబర్ ఇప్పటికీ ఆగిపోయే ఉంటుంది, రేపు ఏ తనిఖీవాడో వచ్చి తలుపుకి తాళం వేసి పోతాడు. పేరు మార్చి మా అన్నయ్యకే ఇచ్చెయ్యకూడదా అమ్మా, పీడా పోతుంది అని కూడా అడిగింది. నంబర్ మనిషిదండీ, కొట్టుది కాదు అంది ఆ అమ్మాయి. అమ్మా పెట్టా పెట్టదు, అడుక్కుతినా తిననివ్వదు.

తెల్ల ఫారంలో మూసివేతకి కారణం అని ఒక గడి ఉంది. యజమాని మరణం, నష్టం, అమ్మకం, ఇతరం. వీటిలో ఒకదానికి టిక్కు పెట్టాలి. ఇతరం దగ్గర ఒకే ఒక్క గీత. ఆ గీత మీద ఏం రాయాలి? మా అన్నయ్య నాకు చెప్పలేదు అనా? కలం తీసి ఆ గీత మీదకి తెచ్చింది. చేతి నిండా బలం వచ్చింది, నిజంగా వచ్చింది, ఈ ఒక్క కాగితంతో రేపు పొద్దున ఆ బోర్డు దింపించగలదు, గల్లా పెట్టె బోర్లించగలదు, వదిన తమ్ముణ్ణి వచ్చిన దారినే పంపించగలదు. చేసేద్దాం, ఏం, మూడు గోడల మధ్య కూర్చోబెట్టినప్పుడు వాళ్లకి జాలేసిందా? అనుకుంటుండగానే అన్నయ్య చేతులు కళ్లముందుకొచ్చాయి. టీ గ్లాసు పట్టుకుంటే గ్లాసు కొట్టుకునే చప్పుడు. ఆ చేతులతో ఈ వయసులో ఎక్కడికి పోతాడు, ఏ కార్ఖానావాడు లోపలికి రానిస్తాడు? వదిన పెద్దకూతురి చదువు ఇంకా రెండేళ్లుంది. ఇంకో కంచం పెట్టు అన్న మనిషి కంచం తీసెయ్యడం తన వల్ల కాదు. కాదని తెలిసినందుకే ఇంకా కోపంగా ఉంది. అడకత్తెరలో పోకచెక్కకి కనీసం ఎవరు నొక్కుతున్నారో తెలుస్తుంది, ఇక్కడ పిడి పట్టుకున్నది కూడా తనే.

మరి గది? సుద్దముక్క గీతలు, రెండు కిటికీలు? కళ్లు మూసుకుంది. హాలులో ఫ్యాను గిర్రున తిరుగుతోంది గానీ గాలి ఇక్కడిదాకా రావడం లేదు. అరవై కుర్చీలనూ వెనక గదిలోనే చెయ్యాలి, ఆ ట్యూబులైటు కిందే, ఒకదాని మీద ఒకటి పేర్చుకుని. సైకిల్ కొట్టు మేడ ఇంటావిడకు వద్దని చెప్పాలి, ఆవిడ ఏమంటుందో. వదిన తమ్ముడు వస్తే రానీ, వచ్చి ముందు పాత మేకులు పీకడం నేర్చుకోనీ, గల్లా సంగతి తరవాత. కిటికీ ఇక ఎవర్ని అడగాలి? ఇంటాయన్నే అడగాలి, తనే వెళ్లి అడగాలి, తను యజమానురాలినని చెప్పుకుని అడగాలి. ఆ మాట లోలోపల ఒకసారి అనుకుని చూసింది, ఎబ్బెట్టుగా ఉంది, ఎవరి చెప్పులో వేసుకున్నట్టు. తెల్ల ఫారాన్ని నాలుగు మడతలు పెట్టి సంచిలో వేసుకుంది, చింపలేదు, పారెయ్యలేదు. పసుపుదాంట్లో పేరు రాసింది, పూర్తి పేరు, కుదురుగా. చిరునామా మార్పు గడిని ఖాళీగా వదిలేసింది, వదిలేస్తుంటే కళ్లల్లో నీళ్లు తిరిగాయి, తుడుచుకోలేదు. ఫోన్ నంబర్ మార్పు అన్న చోట అన్నయ్య నంబర్ కొట్టేసి తన నంబర్ రాసింది. కింద సంతకం పెట్టింది.

కళ్లద్దాల అమ్మాయి రెండూ అయిదుకి వచ్చింది. ఫారం అటూ ఇటూ తిప్పి చూసి, ఇంతేనా, చిరునామా మార్చరా అంది. మార్చనంది. ఈ నంబర్‌నే కాగితం మీద ముద్ర వేసి ఇవ్వమ్మా, రేపు ఒకచోట చూపించాలి అంది. ఆ అమ్మాయి టకటకా ఏవో కొట్టింది, ఏదో కాగితం బయటికొచ్చింది, ఇంకా వెచ్చగా ఉంది. పొట్టి దాన్ని అందుకుని పక్కకి తప్పుకుందో లేదో ఫోన్ మోగింది. అన్నయ్య.

"ఏదో మెసేజ్ వచ్చింది, కొట్టు నంబర్ మీంచి నా ఫోన్ తీసేశారట. నువ్వు కళ్ల డాక్టర్ దగ్గర కదా ఉన్నావు?" అన్నాడు.

"కాదన్నయ్యా. పన్నులాఫీసులో ఉన్నాను."

ఫోన్లో కొట్టు ముందు బండ్లు పోతున్న చప్పుడు వినిపిస్తోంది. ఏమిటని అడగలేదు, ఎందుకని అడగలేదు. "ఎవరు చెప్పారు?" అన్నాడు చివరికి. ఆ ఒక్క మాటతో ఆమెకు మిగిలిన కాస్త అనుమానం కూడా తీరిపోయింది. ఎవరూ చెప్పలేదు, నా సంతకం నేనే చూసుకున్నాను అంది.

"మూసేశావా?"

"లేదు. నా ఫోన్ నంబర్ ఇచ్చాను, అంతే."

ఇప్పుడు అరుస్తాడనుకుంది. లేదా ఏడుస్తాడనుకుంది, దానికీ సిద్ధంగానే ఉంది, ఏమనాలో హాలులో కూర్చుని గంటసేపు కూడబలుక్కుంది. అతను పెద్దగా ఊపిరి వదిలాడు. చెబుదామనే అనుకున్నానమ్మా, మొదటి ఏడు చెబుదామనుకున్నాను, తరవాత చెప్పడానికి సిగ్గేసింది అన్నాడు. ఏటా ఆ కాగితాలు నింపేటప్పుడల్లా నీకేమన్నా అవుతుందేమోనని నిద్రుండేది కాదు అన్నాడు. చెబుతూ చెబుతూ ఉండగానే గొంతు తేలికపడిపోయింది, ఆమెకు స్పష్టంగా తెలిసింది. ఇక అవన్నీ నీకే వస్తాయి కదా, తనిఖీవాళ్లు వచ్చినా నువ్వే మాట్లాడతావు కదా, పోనీలే, బరువు దిగింది అన్నాడు. దీనికి మాత్రం పొట్టి సిద్ధంగా లేదు. చేతిలోని కాగితాన్ని మడిచి సంచిలో పెట్టుకుంది. తరవాత అన్నయ్య గొంతు తగ్గించి, పక్కన ఎవరో ఉన్నట్టుగా, సోఫా బాగు చెయ్యడానికిచ్చిన ఆయన వచ్చి కూర్చున్నాడు, ఎప్పుడిస్తారో ఖచ్చితంగా చెప్పమంటున్నాడు అన్నాడు. ఆగి, పన్నెండేళ్లలో ఎన్నడూ అడగని మాట అడిగాడు.

"ఏం చెప్పమంటావు?"

పొట్టి గోడకి ఆనుకుంది. "సోమవారం ఇస్తామని చెప్పు," అంది. ఆదివారం కూడా తనే కూర్చుని కుట్టాలన్న సంగతి ఆ మాట నోట్లోంచి వచ్చాక గానీ తట్టలేదు.